కార్డులో లేని రంగు

మా చుట్టుపక్కల మా ఆయన చెయ్యి పడని ఇల్లు ఒక్కటే ఉండేది. అది మా ఇల్లే. ముప్ఫై ఏళ్ళుగా ఏ గోడ చూసినా "ఈ రంగు నేను వేసిందే" అని చెప్పుకునే మనిషి, సొంత గోడ పెచ్చులూడుతుంటే మాత్రం "వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు. దీపం కిందే చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. నేనా మాట రోజుకి రెండుసార్లయినా ఆయన చెవిన వేసేదాన్ని. నాకు ముక్కు మీద కోపమని వీధి వీధంతా ఎరుగుదురు, దాచుకునేదేమీ లేదు.

అలాంటిది, ఆ బుధవారం సాయంత్రం నేను కుట్టుషాపు కట్టేసి వచ్చేసరికి మా ముందు గోడ కొత్త రంగుతో మెరిసిపోతోంది.

కారణం లేకపోలేదు. మా వీధి చివర కొత్తగా నలభై ఇళ్ళ కాలనీ కట్టారు. అన్నీ ఒక్క అంతస్తువే. దాని సెక్రటరీ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ మా ఆయన్ని పిలిచి, "నలభై ఇళ్ళూ మీకే ఇవ్వాలనుంది మేస్త్రీ. కానీ ముందు మీ ఇల్లెలా ఉందో చూడాలి. ఆదివారం పొద్దున వస్తాను. మా కాలనీలో ప్రతి ఇంటి ముందూ పూలమొక్కలు ఉండాలి, ఆ పూలు గోడ రంగుకి నప్పాలి. అది కూడా చూస్తాను" అన్నారట.

మా ఆయనకి యాభై నాలుగేళ్ళు. ఎత్తు భవనాలకి తాడు కట్టుకుని వేలాడుతూ రంగులేసి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. పోయిన ఏడాది తాడు జారి కింది పరంజా మీద పడ్డాడు. భూమ్మీద నూకలుండబట్టి భుజం ఒక్కటే బెణికింది. ఈ కాలనీ పని దొరికితే రెండేళ్ళపాటు నేల మీద నిలబడి పనిచేసుకోవచ్చు. దొరక్కపోతే మళ్ళీ తాడే.

"ఏ రంగో చెప్పు చూద్దాం" అన్నాడు, బ్రష్షు తుడుచుకుంటూ. మొహం నిండా నవ్వు.

నేను వెనక్కి నాలుగడుగులు వేసి చూశాను. బాగా పండిన బొప్పాయిని అప్పుడే కోస్తే లోపల ఎలా ఉంటుందో అలా ఉంది. వెచ్చగా, తియ్యగా, ఎక్కడా చూడని రంగు.

"బొప్పాయిపండు రంగు" అన్నాను.

ఆ నవ్వు మాయమైంది. "సరిగ్గా చూడు."

"చూశాను గదండీ. నెంబరెంత?"

"నెంబరు లేదు. ఇది కంపెనీవాళ్ళ రంగుల కార్డులో లేని రంగు. నేనే కలిపాను."

నాకు ఆశ్చర్యమేసింది. మా ఆయన ఏ రంగునీ పేరుతో పిలవగా నేను వినలేదు. అన్నీ నెంబర్లే. ఎదురింటి గోడ ఆయనకి ఏడొందల పన్నెండు, బడి గేటు నాలుగొందల నలభై. ఒకసారి కొత్త బట్టలు వేసుకుని "ఈ రంగు నాకెలా ఉందండీ?" అంటే, "నెంబరెంత?" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. అసలు పెళ్ళయిన ఈ ఇరవై ఆరేళ్ళలో "ఈ రంగు నీకు బాగుంది" అన్న ముక్క ఆ నోట్లోంచి ఊడిపడలేదు. రంగులతో బతికే మగాణ్ణి చేసుకున్నందుకు నాకు దక్కిన భాగ్యం అది. అలాంటి మనిషి కార్డు పక్కన పడేసి సొంతంగా రంగు కలిపాడా? ఎందుకు?

"దీని సంగతేమిటో చెప్పండి."

"గుర్తొస్తే నీకే గుర్తొస్తుంది. రాకపోతే పోనీ" అని మొహం తిప్పుకున్నాడు. కాసేపాగి, "పూలు నువ్వు చూడు. ఆ సంగతి నీకే బాగా తెలుసు" అన్నాడు.

అది మాత్రం నిజం. దారం మ్యాచింగ్ కావాలంటే ఎంత దూరం వాళ్ళయినా నా షాపుకే వస్తారు. గుడ్డ అంచు పట్టుకుని రీళ్ళ అర వంక ఒక్కసారి చూస్తే చాలు, చెయ్యి సరైన రీలు మీదికే పోతుంది.

గురువారం పొద్దున నా ముక్కల మూట విప్పాను. కుట్టగా మిగిలిన ప్రతి గుడ్డ లోంచీ బెత్తెడు ముక్క దాచడం నాకు మొదటినుంచీ అలవాటు. బొప్పాయి రంగుకి దగ్గరున్న ముక్కలన్నీ ఒక్కొక్కటే గోడకి ఆనించి చూశాను. సరైన ముక్క అయితే గోడలో కలిసిపోయి కనపడకుండా పోవాలి. ఏడో ముక్క కలిసిపోయింది. ఇల్లు ఎత్తుకుపోలేం గనక దాన్ని పట్టుకుని నర్సరీకి పోయాను.

నర్సరీ తాత నన్ను చూడగానే, "ఏమ్మా టైలరమ్మా, మొక్కకి కూడా కొలతలు తీసుకుంటావా?" అన్నాడు.

"తీసుకుంటాను. ముందు నీ నోటికి ఓ గుండీ కుడతాను" అన్నాను.

ప్రతి పువ్వు పక్కనా ఆ గుడ్డముక్క పెట్టి చూస్తూ పోయాను. తెల్లపూలు పెడితే వెలవెలబోయాయి. పసుపు బంతి పెడితే గుడ్డలోకి కుంగిపోయినట్టయింది. "ఇది చూడు" అంటూ తాత ఓ నీలం శంఖుపూల తీగ ముందుకి జరిపాడు. "చలిపుట్టిస్తోంది, తీసెయ్" అన్నాను, ముక్క దాని పక్కన పెట్టనైనా పెట్టకుండా. చివరికి ఎర్రమందారం దగ్గర ఆగాను. నల్లటి నిగనిగలాడే ఆకుల మధ్య అరచేయంత పూలు. ఇవి గోడకి నిప్పు రాజేస్తాయి అనుకున్నాను. పూలతో ఉన్నవే ఏరి నాలుగు కుండీలు బండి మీద వేయించాను.

సాయంత్రానికి గోడ ముందు సర్దేశాను. లెక్కపెట్టాను కూడా, పదకొండు పూలు. మా ఆయన గోడలు రుద్దే ఉప్పుకాగితాలు కొనడానికి వెళ్ళి అప్పుడే వచ్చాడు. కుండీల ముందు నిలబడి తలాడించాడు.

"మొక్కలు బాగున్నాయి. ఆదివారానికి పూస్తాయంటావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను గోడ రంగు గుర్తుపట్టలేదని వెటకారం ఆడుతున్నాడనుకున్నాను. "కళ్ళు గానీ నెత్తికెక్కాయా? పదకొండు పూలు పళ్ళికిలించుకుని ఎదురుగా కనిపిస్తుంటే!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. మొక్క దగ్గరికి వంగాడు. చెయ్యి చాచి ఆకుల్లో తడిమాడు. వేళ్ళకి రేకు తగిలాక ఆగి, "ఆ... పూశాయి గదా. ఊరికే అన్నాను" అని తేలుకుట్టిన దొంగలా లోపలికి పోయాడు.

నేను అక్కడే ఉండిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన తడిమాడు. చూడలేదు, తడిమాడు. ఎందుకు?

ఇక నన్నెవరాపుతారు? పురుగు తొలిచినట్టు ఒకటే ఆలోచన. శుక్రవారం పొద్దున ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని బల్ల మీద మూడు రీళ్ళు పెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు. వాటి అడుగునుండే నెంబరు కాగితాలు ముందే పీకేశాను.

"ఏమండీ, ఆ ఎర్రదారం ఇటందించండి."

ఆయన ఒక రీలు తీశాడు. అలవాటుగా తిరగేసి అడుగు చూశాడు. నెంబరు లేదు. ఇంకోటి తీశాడు. దానికీ లేదు. రెండూ బల్ల మీద పెట్టేశాడు.

"నువ్వే తీసుకో. నా చేతులకి రంగుంది" అన్నాడు.

ఆ చేతులు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడే కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు, నా కళ్ళముందే.

ఆయన బయటికి వెళ్ళగానే వదినకి ఫోన్ చేశాను. వదినంటే మా ఆయన అక్క. చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు, సూటిగా అడిగేశాను. "వదినా, మీ తమ్ముడికి ఎరుపు కనపడదా?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత, "ఇన్నేళ్ళకి అడిగావా అమ్మాయ్! ఎవరికీ చెప్పనని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు, నువ్వే పట్టుకున్నావు, అంతే సుమా" అంది. ఆ తర్వాత వరదే. "వాడికి ఎర్రవీ ఆకుపచ్చవీ ఒకటే. చిన్నప్పుడు చెట్టెక్కి పళ్ళు కోసుకురారా అంటే పచ్చికాయలన్నీ దులుపుకొచ్చేవాడు. అమ్మ వీపు విమానం మోత మోగించేది. పసుపూ నీలం మాత్రం మనకంటే బాగా చూస్తాడే."

ఫోన్ పెట్టేసి కూలబడ్డాను. ముందు కోపమే వచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఒక కప్పు కింద బతుకుతూ నాకు చెప్పలేదు! ఆ వెంటనే సిగ్గేసింది. రంగులు మ్యాచ్ చేసే మహారాణిని, నా పక్క మనిషికి ఏ రంగు కనిపిస్తుందో నాకు తెలియలేదు. ఇంకో పక్క ఆ గోడ అలాగే ఉంది. నెంబరు లేకుండా కదలని మనిషి నెంబరు లేని రంగు ఎందుకు కలిపినట్టు?

సాయంత్రం ఆయన రాగానే గోడ దగ్గరికి లాక్కుపోయాను. "ఈ రంగు ఏమనుకుని కలిపారు? నాకు గుర్తురావడం లేదు. తప్పు నాదే. చెప్పండి."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. "నీ పాత షాపులో తెర."

పెళ్ళికి ముందు నేనో టైలరు దగ్గర పనిచేసేదాన్ని. ఆ షాపుకి సున్నం వేయడానికి వచ్చాడీయన. బట్టలు మార్చుకునే గదికి నేనే కుట్టిన తెర ఉండేది. సున్నం చుక్కలు గుడ్డల మీద పడుతుంటే ఆ తెర పక్కనుంచి తల బయటపెట్టి చెడామడా తిట్టాను. ఆయన నన్ను మొదటిసారి చూసింది అలాగే.

"తిట్టింది నువ్వు. నేను మాత్రం ఆ తెరా, ఆ తెర పక్కన నీ మొహం, అంతే చూశాను" అన్నాడు. "సొంతింటికి వేస్తే ఆ రంగే వెయ్యాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. ఏ కార్డులోనూ దొరకలేదు. ధైర్యం చేసి కలిపాను."

నేను లోపలికి పరిగెత్తి మూట అడుగునుంచి ఆ తెర ముక్క తీసుకొచ్చాను. చెప్పానుగా, ప్రతిదాన్లోంచీ ఒక ముక్క దాస్తానని. ఆయన దాన్ని లాక్కుని గోడకి ఆనించాడు. మొహం వెలిగిపోయింది. "చూశావా! వెంట్రుకవాసి తేడా లేదు!"

నేను చూశాను. బొప్పాయిపండు రంగు గోడ మీద లేత అరటాకు రంగు ముక్క. మొవ్వలోంచి అప్పుడే విచ్చుకున్న ఆకు ఎలా ఉంటుందో, అంత ఆకుపచ్చ.

ఎవరి కోసం దాచిపెట్టుకున్న రంగు అది? నా కోసం. చెప్పనా? మాననా? కానీ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆయన నా వంక చూశాడు, ముక్క వంక చూశాడు, మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"కాదా?" అన్నాడు.

"అది ఆకుపచ్చండీ."

"గోడ?"

"కాదు."

ఆ ముక్కని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పుకొచ్చాడు. నెంబర్లు బట్టీపట్టడం, రంగుల షాపులో మూత మీద పేరు రాయించుకోవడం, ఎవరైనా "ఇది కాస్త ఎరుపెక్కువైందా?" అంటే "ఎండలో చూడండి" అని తప్పించుకోవడం. "రంగులు తెలియని రంగులవాడికి పని ఎవడిస్తాడు? నీకు చెబితే నువ్వు మాత్రం నవ్వవా అనుకున్నాను." ఈసారి రంగు కలిపే సీసాల్లో ఒకదాని చీటీ తడికి ఊడిపోయిందట. ఆకుపచ్చే అనుకుని పసుపులో పోశాడు. పోసింది ఎరుపు. ఆయన కంటికి ఏ తేడా రాలేదు.

"నీకు కోపమొస్తే మొహం ఎర్రబడుతుందంటారు అందరూ" అన్నాడు. "నాకది ఎప్పుడూ తెలియదు. గొంతును బట్టి పట్టుకుంటాను, అంతే. సిగ్గుపడితే కూడా ఎర్రబడుతుందట గదా. అది అసలే తెలియదు."

ఆ మాటకి నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే తిట్టాను. "ఇరవై ఆరేళ్ళనుంచీ ఎర్రవీ ఆకుపచ్చవీ కుట్టుకుని వేసుకుంటున్నాను, మీరు ఒక్కసారి చూస్తారని! ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"శనివారం ఒక్క రోజుంది. గోడ మళ్ళీ వేసేస్తాను" అన్నాడు, మెల్లగా.

"ముట్టుకుంటే ఊరుకోను. కలిపింది పొరపాటునే అయినా అంత మంచి రంగు నేను చూడలేదు. మార్చాల్సింది పూలని. మీకు కనపడని పూలు మన గుమ్మంలో ఎందుకు?"

శనివారం పొద్దున ఆయన్ని నర్సరీకి తీసుకుపోయి వాకిట్లోనే నిలబెట్టాను. "నేనేమీ చెప్పను. మీ కంటికి ఏది ముందు కనపడితే అది చూపించండి."

ఆయన బెరుగ్గా చూపు తిప్పాడు. మందారాల మీదినుంచి, గులాబీల మీదినుంచి దాటిపోయింది. ఉన్నట్టుండి చెయ్యి లేచింది. ముప్ఫై అడుగుల అవతల, మూలన. "అదిగో. అదేంటి, అంతలా అరుస్తోంది?"

నీలం శంఖుపూల తీగ. నేను చలిపుట్టిస్తోందని తోసేసింది. నర్సరీ తాత ఏదో అనబోయి నా మొహం చూసి నోరు మూసుకున్నాడు. వెళ్ళి బొప్పాయిరంగు ముక్క దాని పక్కన పెట్టాను. అబ్బ! గుడ్డముక్క వెచ్చబడింది, పువ్వు లోతెక్కింది. ఒకదాన్నొకటి పట్టి చూపిస్తున్నాయి. ఎర్రమందారం దీని కాలిగోటికి సరిపోదు. నా కంటికి ఇంత పొగరేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. పందిరితో సహా ఆరు తీగలు తెచ్చుకున్నాం, మందారాలు వెనక్కిచ్చేసి.

ఆదివారం సరిగ్గా తొమ్మిదికి హెడ్మిస్ట్రెస్ గారొచ్చారు. గోడ మీద అరచెయ్యి వేసి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమురుతూ నడిచారు. ఎక్కడా గరుకు తగల్లేదు. అది మా ఆయన పనితనం, అందులో ఎవరూ వేలెత్తి చూపలేరు. తర్వాత వెనక్కి జరిగి పూలని చూశారు.

"పూలెవరు ఎంచారు?"

"ఆయనే" అన్నాను, గర్వంగా.

"ఈ రంగు?"

"ఆయనే కలిపారు."

రెండూ నిజాలే. ఆవిడ చేతిసంచిలోంచి కాగితం తీశారు. "నలభై ఇళ్ళూ మీవే మేస్త్రీ. ఒక్క షరతు. కార్డులు వద్దు. ఇలాగే మీ చేత్తో, ప్రతి ఇంటికీ ఒక రంగు కలపాలి. కలపగలరు గదా?"

నా ప్రాణం లేచొచ్చింది. ఒప్పేసుకోండి, పక్కన నేనుంటాను, రంగు నేను చూస్తాను, ఎవరికీ తెలియదు అని కళ్ళతోనే చెప్పాను. తాడు కళ్ళ ముందు ఊగుతోంది. ఆయన నా వంక చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

"కలపలేనండీ. నాకు ఎరుపు కనపడదు. పుట్టినప్పటినుంచీ అంతే. ఈ గోడ ఆకుపచ్చ అనుకుని కలిపాను. మీరు మెచ్చుకున్నది నా పొరపాటుని."

ఆవిడ కళ్ళద్దాలు తీశారు. గోడని చూశారు, పూలని చూశారు, ఆయన్ని చూశారు.

"ఎరుపు కనపడదా?" అన్నారు, మెల్లగా. "ముప్ఫై ఆరేళ్ళు ఎర్రసిరాతో దిద్దాను నేను. మీలాంటి పిల్లలు ఎంతమందికి ఆ గీతలు కనపడలేదో."

"నాకు కనపడలేదండీ" అన్నాడు మా ఆయన. "నా నల్లసిరా రాతలో ఆ గీతలూ కలిసిపోయేవి. అన్నీ రైటే అనుకునేవాణ్ణి. కొట్టినప్పుడే తప్పని తెలిసేది."

ఆవిడ అరుగు మీద కూర్చుని, కాగితంలో ఏదో కొట్టేసి మళ్ళీ రాశారు. "ముందు ఒక వరుస, పది ఇళ్ళు. అవి చూసి మిగతావి. రంగులూ పూలూ చూడ్డానికి ఈవిడ, గోడకి మీరు. కింద ఇద్దరూ సంతకం పెట్టండి." పెన్ను ఆయనకి ఇవ్వబోయి ఆగారు. "ఇది నీలం సిరానే" అన్నారు. ముగ్గురం నవ్వేశాం.

ఆవిడ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాం. నేను గోడకి ఆనుకున్నాను. ఆ పొద్దున హడావిడిలో చేతికందినవి, ఏదో మిగులు గుడ్డతో కుట్టిన నీలం బట్టలు వేసుకున్నాను. మా ఆయన శంఖుపూల వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. నిన్న నర్సరీలో పూలని చూపించినట్టే వేలెత్తి నన్ను చూపించాడు.

"ఈ రంగు నీకు బాగుంది" అన్నాడు. "చాలా బాగుంది."

ఇరవై ఆరేళ్ళు పట్టిందా మాటకి. నా చెవులు వేడెక్కాయి, బుగ్గలు వేడెక్కాయి. ఆయన అమాయకంగా చూస్తూ నిలబడ్డాడు, ఏమీ తెలియక. ఇక లాభం లేదని దగ్గరికి వెళ్ళి నోటితోనే చెప్పాను.

"ఏమండీ, నా మొహం ఎర్రబడింది."